శనివారపు ఆకలి

వినీల్ బరువు తూచే యంత్రం ఎక్కగానే వాళ్ళమ్మ సత్యవేణి అంకెల మీద కొంగు కప్పేసింది. వెనక వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ కళ్ళు పడకూడదని. నేను కొంగు ఎత్తి చూశాను. యాభై ఒకటి. పిల్లాడికి తొమ్మిదేళ్ళు. నాలుగు నెలల కిందట మా దగ్గరికి వచ్చినప్పుడు నలభై ఆరు ఉన్నాడు.

"పెరిగాడాండి?" అంది సత్యవేణి గొంతు తగ్గించి.

"తగ్గుతాడనుకున్నావా?" అన్నాను.

ఆ మాట అనకూడదు. లావు పిల్లల తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలో నర్సులకి శిక్షణ ఇచ్చేది నేనే. ముందు వినాలి, నింద వెయ్యకూడదు, పిల్లాడి ఎదుట చులకనగా మాట్లాడకూడదు, ఒకేసారి అన్నీ మార్చమనకుండా ఒక్కటొక్కటి చెప్పాలి. అన్నీ నోటికి వచ్చు. కానీ ఆ రోజు సత్యవేణి నలభై మూడో మనిషి. నేను నేర్పే పాఠాలు మధ్యాహ్నం పన్నెండు దాటాక నాకే పనిచెయ్యవు.

నా పేరు ప్రమీలారాణి. గోదావరి కాలవ పక్కన ఒక చిన్న పట్నంలో, వార్డు ఆరోగ్య కేంద్రంలో ఇరవై మూడేళ్ళుగా డాక్టర్ని. జ్వరాలు, టీకాలు, కుక్కకాట్లు, బాలింతలు. పదేళ్ళుగా వీటికి తోడు లావు పిల్లలు. నేనూ లావే. నూనె తగ్గించమని నేను చెబుతున్నంతసేపూ తల్లులు నా పొట్ట వంక చూస్తారు. నేను కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కుని మళ్ళీ మొదలుపెడతాను.

"శనివారం ఏం పెట్టావు వీడికి?"

"కొత్తగా ఏం పెట్టలేదండి. మీరిచ్చిన గిన్నెతో కొలిచే పెడతన్నాను."

కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాను. వినీల్ ఒంటికి కట్టిన పట్టీ పంపే ఆకలి గీత వారమంతా బుద్ధిగా ఉంది. అన్నం వేళకి లేస్తుంది, తిన్నాక పడుకుంటుంది. శనివారం వచ్చేసరికి మాత్రం పొద్దుటి నుంచే పైకి పోతుంది. నెల రోజులుగా మంగళవారాలూ అంతే. మంగళవారం బడిలో మధ్యాహ్న భోజనం మూడుసార్లు అడిగి పెట్టించుకుంటున్నాడని పెద్ద టీచరు నాకు ఫోన్ కూడా చేసింది.

"శనివారం ఒంటిపూట బడి. ఇంట్లో ఉంటాడు, ఏదో ఒకటి చేతిలో పెడతావు. మంగళవారం సంత. జిలేబీ కొనిపెడతావు. అంతేనా?"

"వీడి మీద ఒట్టండి," అంది పిల్లాడి నెత్తిన చెయ్యి పెట్టి. వినీల్ తల వంచుకుని తన కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు.

"నీ పట్టీ నువ్వు రోజూ కట్టుకుంటున్నావా?"

"ఆయ్," అంది గోడ వైపు చూస్తూ. ఆ చూపు నేను గమనించకపోలేదు. తిండి గురించి అబద్ధం చెబుతోంది కాబట్టి చూపు తిప్పుకుందని లెక్క వేసుకున్నాను.

"చూడు సత్యవేణీ. వచ్చే నెలకీ ఇలాగే ఉంటే వీణ్ణి విశాఖపట్నంలో బరువు తగ్గించే కొండ మీది కేంద్రానికి పంపించాల్సి వస్తుంది. ఆరు నెలలు అక్కడే. ఇంటి నుంచి ఎవరూ పోకూడదు, ఏమీ పట్టుకెళ్ళకూడదు."

ఆమె పిల్లాడి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ పట్టు వదలకుండానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. భర్త లారీ డ్రైవరు. చేపల లోడుతో కలకత్తా వెళ్తే పన్నెండు రోజులకి గానీ రాడు. ఇంట్లో మిగిలేది ఆమె, అత్తగారు, వీడు.

ఆ పట్టీల సంగతి చెప్పాలి.

అయిదు నెలల కిందట విశాఖపట్నం పరిశోధన కేంద్రం నుంచి రఫీ అనే శాస్త్రవేత్త వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. వెంట ఏడేళ్ళ కూతుర్ని కూడా తెచ్చుకున్నాడు. కూర్చుంటూనే అడిగాడు.

"తల్లిదండ్రులకి మీరు చెప్పే మాటల్లో అన్నిటికంటే తక్కువ పనిచేసేది ఏది మేడం?"

"ఆకలేస్తేనే పెట్టండి, అన్నది," అన్నాను ఆలోచించకుండా.

పిల్లాడికి నిజంగా ఆకలేస్తోందో, తోచక అడుగుతున్నాడో, పక్కింటి పిల్ల చేతిలో చిప్స్ పొట్లం చూసి నోరూరుతోందో తల్లికి ఎలా తెలుస్తుంది? అడిగితే పెడుతుంది. ఏడిస్తే రెండోసారి పెడుతుంది. నేను ఎన్నేళ్ళు చెప్పినా అంతే జరిగింది.

రఫీ సంచిలోంచి రెండు పట్టీలు తీశాడు. రెండు వేళ్ళ వెడల్పు, మెత్తటి బట్ట, లోపల నాణెమంత బిళ్ళ. ఒకటి పాపకి పక్కటెముకల కింద కట్టి బయట వరండాలో ఆడుకోమన్నాడు. రెండోది నన్ను కట్టుకోమన్నాడు. అప్పుడే భోజనం చేసి ఉన్నాను. కడుపు నిండుగా ఉంది. పావుగంట గడిచిందో లేదో, ఆ నిండు కడుపులో చిన్న ఖాళీ ఒకటి మొదలైంది. అది నాది కాదు. నా ఆకలి నాకు తెలుసు, అది బద్ధకంగా వస్తుంది. ఇది హడావిడిగా, కొంచెం పైకి, గొంతు దగ్గరగా ఉంది.

"పాప ఏం తింది?" అన్నాను.

"పొద్దున రైల్లో రెండు ఇడ్లీలు."

లేచి పరుగెత్తాను. బల్ల సొరుగులో ఉన్న అరటిపళ్ళు పాప చేతిలో పెట్టాను. అది రెండు పళ్ళు తింటుంటే నా కడుపులో ఆ ఖాళీ మెల్లగా మూసుకుంది. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. జన్మలో ఎన్ని వందల మందికి ఆకలి గురించి చెప్పానో, ఇంకొకరి ఆకలి తెలియడం మాత్రం అదే మొదలు.

"పొట్టకీ మెదడుకీ మధ్య కబుర్లు మోసే నరం ఒకటుంది మేడం," అన్నాడు రఫీ పాప మూతి తుడుస్తూ. "పిల్లల పట్టీ ఆ కబురు వింటుంది. పెద్దవాళ్ళ పట్టీ అదే కబురు వాళ్ళ నరానికి చెబుతుంది. మందు లేదు, సూది లేదు. ఫోన్ సిగ్నల్ ఉంటే చాలు, ఎంత దూరంలో ఉన్నా తెలుస్తుంది."

ఆ మధ్యాహ్నమే ముప్పై కుటుంబాల పేర్లు రాసిచ్చాను.

పనిచేసింది కూడా. ముప్పై మందిలో ఇరవై ఆరు మంది పిల్లలు నెల నెలా దిగుతూ వచ్చారు. ఒక తల్లి వచ్చి, "వీడు బిస్కెట్లు అడిగేది ఆకలికి కాదండి, బెంగకండి. నా కడుపులో ఆకలేం తెలియట్లేదు. ఇప్పుడు బిస్కెట్లు మానేసి పక్కన పడుకోబెట్టుకుంటన్నాను," అని చెప్పింది. అలాంటి మాట విని నేను ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటోలో పాట పాడుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత.

మిగిలిన నలుగురిలో ముగ్గురు మధ్యలో మానేశారు. మానకుండా, ప్రతి నెలా చెప్పిన రోజుకి వచ్చి, ప్రతి నెలా పెరిగినవాడు వినీల్ ఒక్కడే. అందుకే వాడి మీద నాకు కోపం ఎక్కువగా ఉండేది. వాడి మీద అంటే వాళ్ళమ్మ మీద.

నెలాఖరుకి విశాఖపట్నం వెళ్ళాను. రఫీ ప్రయోగశాల మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచెయ్యదు. ఎక్కి కూర్చుని ఆయాసం తీర్చుకునేలోగా అతను వినీల్ గీతలు గోడ మీద వేశాడు.

"యంత్రంలో ఏదైనా తప్పుందేమో మేడం."

"యంత్రంలో కాదు, ఇంట్లో ఉంది తప్పు. శనివారం పిల్లాడు ఇంట్లో ఉంటాడు. తల్లికి మనసాగదు. పెడుతుంది."

"పెడితే గీత పడిపోవాలి కదా? తిన్నాక ఆకలి తగ్గాలి. ఇది తింటున్నకొద్దీ కొంచెం తగ్గుతోంది, మళ్ళీ లేస్తోంది. ఎక్కడి నుంచో ఎవరో పోస్తున్నట్టుంది."

 నాకు తెలియదని ఒప్పుకునే ఓపిక లేదు. నాలుగున్నరకి నా రైలు.

"రఫీ, నేను ఈ ఇళ్ళ మధ్య ఇరవై మూడేళ్ళుగా ఉన్నాను. తల్లులు ఎలా మాట దాటేస్తారో నీకు తెలియదు, నాకు తెలుసు."

 కొండ మీది కేంద్రానికి పంపే కాగితం నింపాను. కారణం అని ఉన్నచోట 'తల్లి సహకరించడం లేదు' అని రాసి సంతకం పెట్టాను. ఇక కావలసింది సత్యవేణి సంతకం.

ఆ సంతకం కోసమే శనివారం మధ్యాహ్నం చెప్పకుండా వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పకుండా ఎందుకంటే, చేతిలో గిన్నెతో పట్టుకుందామని. ఒట్లు వేసినవాళ్ళని అలా పట్టుకోవడంలో ఒక తృప్తి ఉంటుంది. అబద్ధం ఎందుకు, ఆ తృప్తి కోసమే వెళ్ళాను.

రెండు గదుల రేకుల ఇల్లు. ముందు చిన్న అరుగు. అరుగు మీద మంచంలో తాయారమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. సత్యవేణి అత్తగారు. ఆరోగ్య కేంద్రానికి ఎప్పుడూ రాలేదు కాబట్టి నేను చూడటం అదే మొదలు. ఎముకల గూడులా ఉంది మనిషి. నిద్రపోతోందనుకుని లేపకుండా లోపలికి వెళ్ళాను.

వంటింట్లో వినీల్ అన్నం గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. కూర లేదు. ఆవకాయ సీసా మూత తీసి ఉంది. గిన్నెలోంచే కలుపుకుని తింటున్నాడు. తింటూ ఏడుస్తున్నాడు.

లావు పిల్లలు తినడం నేను చాలా చూశాను. ఇష్టంగా తినేవాళ్ళు, దొంగతనంగా తినేవాళ్ళు, కోపంతో తినేవాళ్ళు. వీడు అవేమీ కాదు. పొలంలో పని అప్పజెబితే చేస్తున్నట్టు, అయిష్టంగా, ఆపకుండా, ఒక్కొక్క ముద్ద మింగుతున్నాడు. పొట్ట ఉబ్బి చొక్కా బొత్తాం ఊడిపోయింది. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒకసారి వెక్కుతున్నాడు.

"వినీల్, ఆపు!" అన్నాను.

నా వైపు చూశాడు. భయపడ్డాడు. అయినా ఇంకో ముద్ద కలిపాడు.

"అమ్మ ఏది?"

"ఫ్యాక్టరీకెళ్ళింది. రెండింటికొత్తది."

నా అరుపుకి బయట మంచం కిర్రుమంది. తాయారమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఎవరండీ?" అని ఒక్క అడుగు వేసింది, తూలింది. గబుక్కున వెళ్ళి నడుం దగ్గర పట్టుకున్నాను. రవిక కింద నా చేతికి మెత్తటి బట్ట, అందులో నాణెమంత బిళ్ళ తగిలాయి.

"ఇదేంటమ్మా మీకు?"

ఆవిడకి చెప్పాలో వద్దో తెలియలేదు. నేనెవరో చెప్పాక మంచం మీద కూలబడి చెప్పింది.

"కోడల్ని ఏం అనకండమ్మా. రొయ్యలొలిచేకాడ ఒంటి మీద ఇలాంటియ్యుంటే సూపరైజరు లోపలికి రానియ్యడంట. మొదటి వారమే చెప్పేశాడంట. మీకు చెప్తే పిల్లోణ్ణి తీసేత్తారని భయపడింది. అందుకని నాకు కట్టింది. మీకాడికొచ్చే రోజు మట్టుకు అది కట్టుకుంటది."

"అంటే నాలుగు నెలలుగా మీరే కట్టుకుంటున్నారా?"

"ఆయ్. బాగానే తెలుత్తదండి. ఈడికి ఆకలేసినప్పుడే పెడతన్నాను. లేనప్పుడు ఎంత అడిగినా పెట్టను."

వారంలో అయిదు రోజులు గీత బుద్ధిగా ఉండటం ఈ ముసలావిడ చలవ. కోడలి గురించి నేను రాసిందంతా సంచిలో ఉంది.

ఆవిడ పెదాలు ఎండిపోయి పొరలు లేచి ఉన్నాయి. నాడి చూశాను. సన్నగా, తొందరగా కొట్టుకుంటోంది.

"ఏమైనా తిన్నారా పొద్దున్నుంచి?"

"శనివారం కదండి," అంది, అంతకంటే చెప్పేదేముందన్నట్టు.

"మంచినీళ్ళు?"

"ముట్టకూడదు. దీపాలెట్టాక గ్లాసుడు పాలు తాగుతాను. ఇదివరకు ఒంటిపూటే చేసేదాన్నండి. ఈడు మీకాడికొచ్చి కూడా తగ్గట్లేదని ఎంకన్నబాబుకి పదకొండు శనివారాలు కటిక ఉపాసం మొక్కుకున్నాను. అప్పటికీ పెరిగాడని మంగళవారం ఆంజనేయస్వామికి కూడా పట్టాను. ఈ రోజుకి తొమ్మిదో శనివారం."

నేను కాసేపు ఆవిడ మణికట్టు పట్టుకుని అలాగే కూర్చున్నాను. శనివారం. ఆ తర్వాత మంగళవారం కూడా. సంతా కాదు, జిలేబీలూ కాదు. లోపల వినీల్ ముద్ద మింగి వెక్కాడు.

రఫీకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"మేం పరీక్షించినప్పుడు పెద్దవాళ్ళందరికీ ముందు టిఫిన్ పెట్టి కూర్చోబెట్టాం మేడం," అన్నాడు. "కడుపు నిండిన వాళ్ళకైతే పిల్లల ఆకలి స్పష్టంగా తెలుస్తుందని. ఖాళీ కడుపుతో ఎవరినీ చూడలేదు. రెండు పట్టీలూ ఒకే అచ్చు. పెద్దవాళ్ళ వైపు ఆకలి మరీ బలంగా ఉంటే అది వెనక్కి... మేడం, రెండు వైపులా వెళ్తోందన్నమాట!"

ఆ ఆఖరి మాటలో సంతోషం వినిపించింది. వెంటనే అతనికే తెలిసి ఆగిపోయాడు. నేను ఫోన్ పెట్టేశాను. అతన్ని అనడానికి నాకు నోరు లేదు. పట్టీ ఇచ్చే ముందు నింపే కాగితంలో ఒక ప్రశ్న ఉంది, ఏ పరీక్షకైనా మామూలుగా ఉండేదే. కట్టుకునేవారికి ఉపవాసాలున్నాయా అని. ముప్పై కాగితాలూ ఒక్క మధ్యాహ్నం ముందేసుకుని, ఎవరినీ అడగకుండా, 'లేవు, లేవు, లేవు' అని నేనే రాసుకుంటూ పోయాను. మా ఊళ్ళో ముప్పై ఇళ్ళలో ఉపవాసం ఉండే ఆడమనిషి ఒక్కతీ లేదట. ఇరవై మూడేళ్ళుగా ఈ ఇళ్ళ మధ్య ఉన్న డాక్టరు రాసింది.

వినీల్ చెయ్యి కడిగించి బయటికి తీసుకొచ్చేసరికి సత్యవేణి వచ్చింది. రొయ్యల వాసన, చల్లటి నీళ్ళలో నాని తెల్లబడ్డ వేళ్ళు. నన్ను చూసింది. అత్తగారి రవిక పక్కన బయటికి జారిన పట్టీ చూసింది. అరుగు మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"వీణ్ణి తీసుకెళ్ళడానికొచ్చారా?"

"అందుకే వచ్చాను," అన్నాను. "ఇప్పుడు కాదు. నువ్వొకసారి పక్కకి రా, మాట్లాడాలి."

తాయారమ్మ వినకుండా చెబుదామని నా ఉద్దేశం. పిల్లాడి కోసం కడుపు మాడ్చుకుంటున్న మనిషితో, నీ ఉపవాసమే వాణ్ణి లావు చేస్తోందని ఎలా చెప్పడం? అలాంటి మాట ఎలా చెప్పాలో నేను నేర్పే పాఠాల్లో లేదు.

సత్యవేణి కదల్లేదు.

"ఇక్కడే చెప్పండి. నన్ను తిట్టింది అందరి ముందరే కదండి."

అది నిజం. అందుకని అక్కడే చెప్పాను. మామూలు మాటల్లో, దేన్నీ దాచకుండా. తాయారమ్మకి ఆకలేస్తే ఆ ఆకలి వినీల్‌కి వెళ్తోందని. ఆవిడ ఎంత గట్టిగా ఉపవాసం ఉంటే వాడికి అంత ఆకలేస్తోందని. వాడు పెరిగాడని ఆవిడ ఇంకో రోజు పట్టింది కాబట్టి వాడు ఇంకా పెరిగాడని. సత్యవేణి ఏమీ దొంగతనంగా పెట్టలేదని, పెట్టిందని నేనే రాశానని.

"తప్పు నాది," అన్నాను. "మిమ్మల్ని అడగాల్సినవి అడక్కుండా నాకు తెలుసనుకున్నాను."

తాయారమ్మ రెండు చేతులతో చెంపలు పట్టుకుంది. "నా ఉపాసం ఈడికి తగిలిందా? నేనే పెట్టానా ఇదంతా పిల్లోడికి?"

సత్యవేణి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంది గానీ, కోప్పడే ఓపిక లేదు. పొద్దున ఆరింటి నుంచి నిలబడి రొయ్యలు ఒలిచిన మనిషి.

"పోయిన శనివారం వీణ్ణి గరిటెట్టి కొట్టానండి," అంది. వినీల్ చొక్కా చెయ్యి పైకి లాగింది. భుజం కింద నల్లగా కమిలి ఉంది. "ఏడ్చినా లొంగకు, గట్టిగా ఉండు అన్నారు మీరు. ఉన్నాను. గిన్నె లాక్కుని కొట్టాను. దెబ్బలు తిని మళ్ళీ వంటింట్లోకే ఎళ్ళాడు."

 సిగ్గేసింది. ఇలాంటి సిగ్గు నాకు ఇంతకుముందు తెలియదు, తెలియకుండా ఇన్నేళ్ళు ఎలా గడిచాయో అని కూడా అనిపించింది.

సత్యవేణి పిల్లాడి ముందు గొంతుక్కూర్చుంది. "ఒరే, అంత ఆకలేత్తంటే నాకు ఆకలేత్తందమ్మా అని ఒక్క మాట చెప్తే ఏం రా? దొంగలాగ తింటావేంటి?"

"నాది కాదుగా," అన్నాడు వినీల్.

"ఏంటి నీది కాదు?"

"ఆకలి." వాడు పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నాదయితే ఇక్కడుంటది. తింటే పోద్ది. శనివారం వచ్చేది అలాగుండదు. కళ్ళు తిరుగుతయ్యి. నోరంతా ఎండిపోద్ది. అది మామ్మది. మామ్మ మంచమ్మీద పడుకుంటే ఎక్కువవుద్ది."

 వాడు మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, ఇంకా చెప్పాలని అర్థం చేసుకున్నాడు.

"నేను తింటే మామ్మకి తగ్గుద్ది. అందుకని తిన్నాను. నాకు ఒద్దు. పొట్ట నొప్పెడతది."

తాయారమ్మ చెంపల మీద చేతులు కిందికి దించింది.

"నిజమేనమ్మా," అంది నా వైపు తిరిగి, చాలా మెల్లగా. "పొద్దోయేసరికి నాకు ఆకలే ఉండేది కాదు. ఒళ్ళు తేలిగ్గా ఉండేది. స్వామి దయ చూపించాడనుకున్నాను. పక్కింటోళ్ళకి కూడా చెప్పాను."

"మరి నాకెందుకు చెప్పలేదురా?" సత్యవేణి వాడి రెండు చేతులూ పట్టుకుంది. "కొడతంటే కూడా ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మామ్మ ఉపాసం చెడిపోద్ది కదా," అన్నాడు వాడు.

నేను అరుగు మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది. అడ్డుకోలేదు. వార్డు డాక్టరు అరుగు మీద కూర్చుని ఏడుస్తోందని ఎదురింటివాళ్ళు తొంగి చూశారు. చూడనీ అనుకున్నాను.

నాకంటే ముందు తేరుకున్నది తాయారమ్మే. పట్టీ విప్పడానికి రవిక కిందికి చెయ్యి పోనిచ్చింది. ముడి అందక తడుముకుంటుంటే వినీల్ వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"తియ్యకు మామ్మా. తీత్తే నువ్వు తిన్నావో లేదో నాకు తెలీదు."

"నీకెందుకురా అదంతా? నువ్వాడుకో పో."

"తియ్యకు," అన్నాడు మళ్ళీ. చెయ్యి వదల్లేదు.

తాయారమ్మ నన్ను చూసింది. ఆ క్షణాన డాక్టరుగా నేను చెప్పాల్సింది ఒకటే. పట్టీ తీసెయ్యమని. రేపు తీయిస్తాను, రెండు పట్టీలూ రఫీకి తిరిగి పంపిస్తాను. అప్పుడు మాత్రం నోరు తెరవలేదు.

సత్యవేణి లోపలికి వెళ్ళింది. గిన్నెలో మిగిలిన అన్నంలో పెరుగు పోసి, కాస్త ఉప్పు వేసి కలిపి, చిన్న పళ్ళెంలో పెట్టుకుని తెచ్చింది. అత్తగారి పక్కన మంచం మీద కూర్చుంది.

"తినండి అత్తా."

"ఇంకా రెండు శనివారాలున్నయ్యే. మధ్యలో ఇడిచిపెడితే స్వామికేం చెప్పను?"

"నేను చెప్పుకుంటాను స్వామికి. కావాలంటే కొండకెళ్ళి చెప్పొత్తాను. తినండి."

ఆవిడ పళ్ళెం వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. శనివారం నాడు ఎండ ఉండగా అన్నం చూసి ఎన్నేళ్ళయిందో. తర్వాత కళ్ళు మూసుకుని, పెదాలతో ఏదో అనుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం మరిచిపోయినట్టు కాసేపు అలాగే ఉంచుకుంది. మింగింది. రెండో ముద్ద. మూడోది. సత్యవేణి పళ్ళెం పట్టుకునే ఉంది.

వినీల్ ఆవిడ మోకాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, తన పొట్ట మీద అరచెయ్యి ఆనించి, లోపల ఏదో వింటున్నవాడిలా కదలకుండా ఉన్నాడు. నాలుగో ముద్ద తర్వాత తాయారమ్మ చాలని చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

వాడు తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా తగ్గలేదు నీకు. తిను మామ్మా."